జోడుగుర్రాల కారు

మన కాలానికి వచ్చిన వింత వాహనాలలో "ప్లగ్-ఇన్ హైబ్రిడ్" కారు ఒకటి. దీనికి పెట్రోలు యంత్రమూ వుంటుంది, బ్యాటరీతో తిరిగే మోటారూ వుంటుంది. రాత్రి ప్లగ్గులో తీగ తగిలిస్తే తెల్లవారేసరికి సుమారు 50, 60 కిలోమీటర్లకు సరిపడే విద్యుత్తు నిండుతుంది. అది అయిపోతే పెట్రోలు అందుకుంటుంది. మన దేశంలో యివి యింకా కలవారి వాకిళ్ళలోనే వున్నా, శంషాబాదు విమానాశ్రయం దగ్గర అప్పుడప్పుడు కనిపిస్తూనే వుంటాయి.

2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయాక, నగరవాసికి విమానమంటే ముందొక కారు ప్రయాణమయింది. గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగు రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు. పోయి రావటానికి 60. యీ బ్యాటరీకి కొలిచినట్లున్న దూరం! రోజూ ప్లగ్గు పెట్టి, నెమ్మదిగా నడిపేవాడు పెట్రోలు దాదాపు ముట్టుకోకుండా వెళ్ళి రావచ్చు.

మరి పెడుతున్నారా? విమానాశ్రయంలో యజమాని కోసం ఎదురుచూస్తున్న ఒక డ్రైవరును అడిగాను.

"కొన్నప్పుడు ఒక్కసారి పెట్టిన్రు సార్. తీగ డిక్కీలనే ఉన్నది" అన్నాడు నవ్వుతూ.

ఆ యజమాని ఒక్కడే కాడు. కార్లలోనే అమర్చిన కొలమానాల లెక్కలు తీసి, 2024లో యూరోపియన్ కమిషన్ ఒక సంగతి ప్రకటించింది. ప్రయోగశాల పరీక్షలో చూపినదానికి సుమారు మూడున్నర రెట్ల బొగ్గుపులుసు వాయువును యీ కార్లు రోడ్డు మీద వదులుతున్నాయట. యజమాని తరచు ప్లగ్గు పెడతాడని పరీక్ష నమ్ముతుంది, యజమాని పెట్టడు. కంపెనీలు యిచ్చిన కార్లయితే నూరు కిలోమీటర్లలో 11 నుంచి 15 మాత్రమే విద్యుత్తు మీద నడుస్తున్నవని 2022లో ఐరోపాలో జరిగిన ఒక పరిశోధనలో తేలింది. పెట్రోలు డబ్బు కంపెనీది, యింటి కరెంటు బిల్లు తనది మరి!

ప్లగ్గు పెట్టినా పుణ్యమంతా దక్కదు. మన దేశంలో ఒక యూనిట్ విద్యుత్తు వెనుక సగటున 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వుంది. యూనిట్‌కు 5 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 140 గ్రాములు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2,300 గ్రాములు. 15 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 153. తేడా స్వల్పమే. నగరంలో పిల్లలు పీల్చే పొగ తగ్గటం నిజమైన లాభమే గాని, ఆ పొగలో కొంత రామగుండం వంటి చోట్ల వుండేవారి పాలవుతుంది. సూర్యరశ్మి విద్యుత్తు పెరిగినకొద్దీ యీ లెక్క బాగుపడుతుంది.

అంతదాకా ఆగనక్కరలేదు. 2019 నుంచి ఆర్టీసీ వారి విద్యుత్ బస్సులు విమానాశ్రయానికి నడుస్తున్నాయి. పది కార్లలో పోయేవారు ఒక్క బస్సులో సుఖంగా కూర్చోవచ్చు.

కారే కావాలనుకొనేవారు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కారు నిలిపేచోట ప్లగ్గు వుందా? రోజూ తిరిగేది ఎంత? రాత్రి తీగ తగిలించే ఓపిక యింట్లో ఎవరికుంది? జోడుగుర్రాలు కట్టినవాడు రెండింటికీ మేత వేయాలి. ఒకదానికే వేస్తే రెండోది బండి లాగదు సరికదా, తానే బండి ఎక్కి కూర్చుంటుంది.