చెయ్యి ఊపరాని ఊరు

ఆ వాగు దాటడానికి వంతెన అక్కరలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని ఒక్క అంగ వేస్తే అవతలి ఒడ్డు. నేను వేశాను కూడా. "అత్తయ్యా! ఇప్పుడు నువ్వు బవేరియా నుంచి తురింగియాకు వచ్చేశావు" అన్నది మా మేనకోడలు నవ్వుతూ. మన ఊళ్ళలో పిల్లలు గీతలు గీసుకుని ఆడే ఆటలాగా ఉన్నది ఆ మాట. కాని 1989కి ముందు ఆ అంగ వేయబోయేవాణ్ణి కాల్చడానికి అధికారం ఉన్న సైనికులు ఆ ఒడ్డునే పగలూ రాత్రీ కాపలా తిరిగేవారు.

ఊరి పేరు మోడ్లరాయిట్. జర్మనీ పటంలో దాన్ని పట్టుకోవాలంటే భూతద్దం కావాలి. జనాభా యాభైకి అటూ ఇటూ. నాలుగు కొట్టాలు, ఒక చెరువు, ఎర్రని పెంకుల ఇళ్ళు, చుట్టూ ఏటవాలు పొలాలు, వాటి వెనక నల్లగా ఫర్ చెట్ల అడవి. ఊరి నడుమ ఈ వాగు. దాని పేరు టాన్‌బాఖ్. అంటే ఫర్ చెట్ల వాగు. ఊరిపేరు చివర 'రాయిట్' ఉన్నదే, దానికి అడవి కొట్టి సాగులోకి తెచ్చిన నేల అని అర్థమట. మన 'పోడు'కు దగ్గర మాట. తెలుగు పాఠాలు చెప్పుకునే దాన్ని కనుక ఎక్కడికి వెళ్ళినా ముందు ఊళ్ళ పేర్లు తవ్వుకోవడం నాకు అలవాటు.

నేను అక్కడికి వెళ్ళడానికి కారణం మా అన్నయ్య కూతురు. అది హోఫ్ పట్టణంలో చదువుకుంటున్నది. బవేరియా ప్రభుత్వం భారతదేశంతో విద్యా సంబంధాల కోసం పెట్టిన కేంద్రం ఆ ఊరి కాలేజీలోనే ఉన్నది. మన పిల్లలు అక్కడికి చాలామంది చేరుతున్నారు. హోఫ్ నుంచి మోడ్లరాయిట్ ఇరవై కిలోమీటర్ల లోపే. ఆ ప్రాంతాన్ని జర్మనులే వేళాకోళంగా 'బవేరియా సైబీరియా' అంటారు. మేము వెళ్ళిన నవంబరు ఒకటో తారీఖున ఆ పేరు ఎందుకు వచ్చిందో నా వేళ్ళకూ ముక్కుకూ బాగా అర్థమయింది.

ఆనాడు బవేరియాలో సెలవు. అందుకే మేనకోడలికి తీరిక దొరికింది. వాగు అవతల మాత్రం మామూలు పనిరోజు. అంతకు ముందురోజు, అక్టోబరు 31న, వాళ్ళకు సెలవు, వీళ్ళకు పని. ఊరు ఒకటే అయినా దక్షిణపు ఒడ్డు బవేరియా రాష్ట్రంలో టోపెన్ గ్రామసభ కిందికీ, ఉత్తరపు ఒడ్డు తురింగియా రాష్ట్రంలో గెఫెల్ పట్టణం కిందికీ వస్తాయి. ఇద్దరు మేయర్లు. ఇటు తపాలా సంఖ్య 95183, అటు 07926. ఎదురింటికి ఫోను చేయాలన్నా వేరే ఊరి నంబరు కలుపుకోవాలి. ఇటువాళ్ళు పలకరింపుగా 'గ్రూస్ గాట్' అంటారు, అటువాళ్ళు 'గూటెన్ టాగ్' అంటారు.

ఇదంతా విని నవ్వుకోవచ్చు. ఇక్కడివాళ్ళూ నవ్వుకుంటారు. ఇప్పుడు నవ్వుకోగలుగుతున్నారు గనక నవ్వుకుంటున్నారు.

పొలిమేర అంటే మనకు ఊరి చివర ఉండేది. అక్కడ అమ్మవారి గుడి, ఒక వేపచెట్టు. పొలిమేర నడివీధిలో నుంచి పోవడమేమిటని నాకు సందేహం వచ్చింది. జవాబు 1810 దగ్గర ఉన్నది. ఆ ఏట వాగు పొడుగునా రాళ్ళు పాతారు. ఒక పక్క బవేరియా రాజ్యం, మరో పక్క రాయిస్ అనే చిన్న సంస్థానం. రాళ్ళ మీద ఒక ముఖాన 'కే.బి.' అని ఒకదానికీ, రెండో ముఖాన 'ఎఫ్.ఆర్.' అని రెండో దానికీ పొడి అక్షరాలు చెక్కారు. రాజులకు పన్ను లెక్కలు తేలాయి. ఊరివాళ్ళకు మాత్రం ఆ రాళ్ళు ఉన్నా లేకపోయినా ఒకటే. బడీ, సారా దుకాణమూ ఉత్తరపు ఒడ్డున ఉండేవి. చర్చికి అందరూ కలిసి దక్షిణాన టోపెన్‌కు నడిచి వెళ్ళేవారు. ఇటు పిల్లను అటు ఇచ్చారు, అటు పొలం ఇటువాళ్ళు దున్నుకున్నారు. రాజ్యాలూ సంస్థానాలూ 1918లో కూలిపోయాయి. అయినా గీత అలాగే నిలిచింది, ఎవరికీ అడ్డం రాకుండానే.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆ నిద్రపోతున్న గీతకు ప్రాణం వచ్చింది. గెలిచినవాళ్ళు జర్మనీని పంచుకున్నప్పుడు పాత రాష్ట్రాల హద్దులనే వాడుకున్నారు. 1945 జూలైలో తురింగియా రష్యావారి చేతికి వచ్చింది, బవేరియా అమెరికావారిది. 1949లో రెండు జర్మనీలు వేరువేరు దేశాలయ్యాయి. నూటముప్పైతొమ్మిదేళ్ళ కిందట పన్నుల కోసం పాతిన రాళ్ళు రెండు ప్రపంచాల మధ్య హద్దురాళ్ళయినాయి. అయినా కొంతకాలం చీటీ చూపించి బడికో, చర్చికో, బంధువుల ఇంటికో పోయి వచ్చేవారు.

1952 మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. సరిహద్దు వెంబడి ఐదు కిలోమీటర్ల మేర నిషిద్ధ ప్రాంతం. అందులో చివరి ఐదువందల మీటర్లలో ఉండేవాళ్ళు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే ఇల్లు కదలాలి. చిట్టచివరి పది మీటర్లు దున్ని చదును చేసి ఉంచాలి. మనిషి అడుగు పడితే జాడ తెలియడానికి. విత్తనం వేయడానికి కాక అడుగులు పట్టడానికి భూమిని దున్నడం రైతుకు ఎలా తోచి ఉంటుందో నేను ఊహించుకోలేకపోయాను. తరువాతి నెలలోనే, నమ్మకస్తులు కారని ప్రభుత్వం తలచిన కుటుంబాలను సరిహద్దు నుంచి లారీల కెక్కించి లోపలి జిల్లాలకు తరలించారు. సరిహద్దు పొడుగునా అలా తరలింపబడినవారు ఎనిమిది వేలకు పైబడి ఉన్నారు. ఆ పనికి అధికారుల నోట పడిన పేరు 'చీడపురుగుల ఏరివేత' అనే అర్థం వచ్చే మాట. మనుషులకు ఆ పేరు పెట్టగలిగాక మిగతాదంతా సులువే. మోడ్లరాయిట్‌లోనూ కొన్ని కుటుంబాలు పోయాయి. కొందరు ముందే పసిగట్టి రాత్రికి రాత్రి వాగు దూకేశారు.

ఊరి నడుమ మనిషెత్తును మించిన చెక్కల దడి లేచింది. లోకమంతా బెర్లిన్ గోడ గురించి చెప్పుకుంటుంది. బెర్లిన్‌లో గోడ లేచినది 1961లో; ఈ పల్లె అంతకు తొమ్మిదేళ్ళ ముందే రెండు ముక్కలయింది. చెక్కల దడి తరువాత ముళ్ళకంపీ, దాని తరువాత 1966లో కాంక్రీటు గోడా వచ్చాయి. ఏడువందల మీటర్ల పొడుగు, మూడు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తు. అప్పుడు అమెరికా సైనికులు దీనికి 'లిటిల్ బెర్లిన్' అని పేరు పెట్టారు.

సుమారు పద్నాలుగు వందల కిలోమీటర్ల ఆ సరిహద్దులో చాలా మేర ఇనుప కంచె మాత్రమే ఉండేది. అడవిలో, పొలాల్లో కంచె సరిపోయింది. ఇళ్ళకు ఎదురుగా ఇళ్ళు ఉన్నచోట అది చాలలేదు. కంచె మనిషిని ఆపుతుంది గాని చూపును ఆపలేదు. మోడ్లరాయిట్ గోడ ముందు నిలబడితే నాకు తోచినది అదే: ఇది కాళ్ళకోసం ఒక్కటే కట్టినది కాదు, కళ్ళకోసం కూడా.

అయినా చూపు పూర్తిగా ఆగలేదు. దక్షిణపు గట్టు కాస్త మెరక. అక్కడ నిలబడితే గోడ మీదుగా అవతలి పెరళ్ళు కనపడతాయి. పశ్చిమ జర్మనీ నుంచి జనం బస్సుల్లో వచ్చి, గట్టెక్కి, గోడ చూసి, అవతల గడ్డి ఎత్తుకుంటున్న మనిషికి చెయ్యి ఊపేవారట. ఆ మనిషి తల వంచుకుని తన పని తాను చేసుకునేవాడు. పొగరు కాదు. పశ్చిమానికి చెయ్యి ఊపడం, పలకరించడం తూర్పు ఒడ్డున నిషిద్ధం. ఊపిన చెయ్యి ఎవరిదో చూసి రాసుకునేవాళ్ళుంటారు. ముక్కూమొహం తెలియని యాత్రికుడి సంగతి సరే. గట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతున్నది సొంత తోబుట్టువైనా అంతే.

నేను ఆ సంగతి దగ్గర ఆగిపోయాను. తుపాకులూ, కుక్కలూ, కాపలా బురుజులూ - వాటి గురించి సినిమాల్లో చూశాం. చెయ్యి ఎత్తకుండా ఉండడాన్ని ఎవరూ సినిమా తీయలేరు. గడ్డిమోపు కింద పెట్టకుండా, అటు చూసీ చూడనట్టు, ఏళ్ళ తరబడి! తిట్టుకుని మాటలు మానేసిన పాలివాళ్ళను మన ఊళ్ళలో చూశాను. వాళ్ళకు కనీసం ఒక తగాదా ఉన్నది. వీళ్ళకు అదీ లేదు.

రెండు ఒడ్లూ వేరువేరుగా బతకడం నేర్చుకున్నాయి. ఉత్తరాన పొలాలను సమష్టి వ్యవసాయంలో కలిపేశారు. దక్షిణాన ఎవరి చేను వారిది. ఉత్తరపు ఒడ్డువాళ్ళ ఇంటికి తూర్పు జర్మనీలోనే ఉన్న చుట్టం రావాలన్నా ముందుగా అర్జీ పెట్టుకుని చీటీ తెచ్చుకోవాలి. ఈ గోడ ఎక్కి దూకి బయటపడినవాడు ఒక్కడే. 1973 మేలో ఒకతను వాహనం మీద నిచ్చెన పెట్టుకుని గోడ పక్కకు తెచ్చి, నిచ్చెన ఎక్కి దూకేశాడు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జి బుష్ వచ్చి చూసి వెళ్ళాడు. గోడ మాత్రం కదలలేదు.

1989 నవంబరు 9 రాత్రి బెర్లిన్‌లో గోడ తెరుచుకున్నది. లోకమంతా పండుగ చేసుకున్నది. మోడ్లరాయిట్‌లో తెల్లవారి చూస్తే గోడ ఉన్నచోటే ఉన్నది! ఎదురింటికి పోవాలంటే ఊళ్ళోవాళ్ళు దూరాన తెరిచిన మరో దారిన చుట్టు తిరిగి రావలసిందే. సరిగ్గా నెల గడిచాక, డిసెంబరు 9న, గోడకు ఒక దారి పెట్టి కాలినడకన పోనిచ్చారు. 1990 జూన్ 17న యంత్రం తెచ్చి గోడ పడగొట్టారు. సుమారు వంద మీటర్ల ముక్కను మాత్రం ఉంచేశారు. అది ఇప్పుడు ఆ ఊరి ప్రదర్శనశాలలో ఒక భాగం. బురుజు కూడా ఉన్నది. పిల్లలను బడి నుంచి తీసుకువచ్చి చూపిస్తారు.

"ఇప్పుడైనా ఊరంతా ఒక రాష్ట్రంలో కలిపేయరాదా?" అని నేను మేనకోడలిని అడిగాను.

"అడ్డంగా లేదుగా అత్తయ్యా, ఎందుకు కలపడం?" అన్నది అది. దాని పుట్టుకకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ గోడ పోయింది. నేను మాట్లాడలేదు గాని, ఆ జవాబు నాకు సబబుగానే తోచింది. 1810 నాటి గీత మళ్ళీ 1810లో లాగే ఉన్నది.

వెళ్ళబోయే ముందు మళ్ళీ వాగు దగ్గరకు వచ్చాం. దక్షిణపు ఒడ్డున నిలబడి చూస్తే అవతలి ఇంటి ముందు ఒక పెద్దావిడ పొడుగాటి చీపురుతో రాలిన ఆకులు ఊడుస్తున్నది. తల ఎత్తి మమ్మల్ని చూసింది. చీరకట్టు ఆమెకు కొత్తగా ఉన్నట్టున్నది. పలకరించాలనిపించింది, ఇటు ఒడ్డు మాట అనాలో, అటు ఒడ్డు మాట అనాలో తేలలేదు. ఏదీ అనకుండా చెయ్యి ఎత్తి ఊపాను.

ఆమె చీపురు ఎడమచేతికి మార్చుకుని కుడిచెయ్యి ఊపింది. తరువాత మళ్ళీ ఆకులు ఊడ్చుకోసాగింది.