గని భవితను నిర్ణయించే ధర అంచనా

గనుల ప్రాజెక్టులకు పెట్టుబడి సమకూరడంలో భూగర్భంలోని ఖనిజ పరిమాణం ఎంత ముఖ్యమో, ఆ ఖనిజానికి రాబోయే సంవత్సరాలలో లభించగల ధరపై వేసే అంచనా కూడా అంతే ముఖ్యం.

చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట బంగారు గని ఇందుకు నిదర్శనం. ప్రభుత్వ రంగ సంస్థ అయిన భారత్ గోల్డ్ మైన్స్ ఆధ్వర్యంలోని ఈ గని, కర్ణాటకలోని కోలార్ గనులతోపాటు 2001లో మూతపడింది. లోతైన గనులలో ఉత్పత్తి వ్యయం పెరగగా, ఆ ఏడాది అంతర్జాతీయ విపణిలో ఔన్సు పసిడి సగటు ధర సుమారు 270 డాలర్లు మాత్రమే. ఆ ధర 2011 సెప్టెంబరులో 1,900 డాలర్ల స్థాయికి చేరి, 2015 డిసెంబరులో 1,050 డాలర్ల సమీపానికి దిగివచ్చింది.

ఈ హెచ్చుతగ్గుల ప్రభావాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఔన్సు అనగా 31.1 గ్రాములు. టన్ను రాతి నుంచి 5 గ్రాముల బంగారం లభిస్తుందని, తవ్వకం, శుద్ధి వ్యయం 100 డాలర్లని, రుణ వాయిదా 80 డాలర్లని అనుకుందాం. 2001 ధర ప్రకారం ఆ బంగారం విలువ సుమారు 43 డాలర్లు. అనగా అది తవ్వదగిన ఖనిజమే కాదు. 2011 గరిష్ఠ ధరకు విలువ 305 డాలర్లు. వాయిదా సులభంగా తీరుతుంది. 2015 ధరకు విలువ 169 డాలర్లు. వ్యయం పోను మిగిలే 69 డాలర్లు వాయిదాకు చాలవు.

అందువల్లనే బ్యాంకులు సాధారణంగా విపణి ధరకన్నా తక్కువ ధరను ప్రాతిపదికగా తీసుకుంటాయి. ఉత్పత్తిలో కొంత భాగాన్ని ముందే నిర్ణీత ధరకు విక్రయించే ఒప్పందాలనూ కోరుతుంటాయి. ధర పడిపోతే ఇవి రక్షణ కల్పిస్తాయి; ధర పెరిగితే ఆ మేరకు అదనపు లాభం వదులుకోవలసి వస్తుంది.

గనులు, ఖనిజాల చట్టానికి 2015లో చేసిన సవరణతో ప్రధాన ఖనిజాల లీజులకు వేలం విధానం అమలులోకి వచ్చింది. చిగురుగుంట-బిసానత్తం గనికి 2018లో జరిగిన వేలంలో ఎన్‌ఎండీసీ ప్రాధాన్య బిడ్డరుగా నిలిచింది. ఈ విధానంలో బిడ్డరు ఖనిజ విలువలో నిర్ణీత శాతాన్ని రాష్ట్రానికి చెల్లించాలి. ధర తగ్గితే ఆ చెల్లింపూ తగ్గుతుంది గాని, కూలి, విద్యుత్తు, వడ్డీ భారాలు తగ్గవు. అధిక ధరను ఆశించి పెద్ద శాతానికి పాడిన గని పని మొదలుకాకుండానే నిలిచిపోతే రాష్ట్రానికి రాబడి, స్థానికులకు ఉపాధి రెండూ దూరమవుతాయి.

కనుక ప్రాజెక్టు నివేదికలో నిల్వల అంకెతోపాటు, అది ఏ ధరపై ఆధారపడినదో, ఆ ధర మూడో వంతు తగ్గినా రుణం తీరుతుందో లేదో పరిశీలించడం అత్యావశ్యకం.