డిశ్చార్జి కాగితంలోని మాటలు



మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో తాటిచెట్టు మీదినుండి పడినవారిని, బొగ్గు గనిలో దెబ్బ తగిలినవారిని, మోటారు సైకిలు ప్రమాదంలో కాలుచేతులు విరిగినవారిని మనమెరుగుదుము. ఆస్పత్రినుండి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది.

మా సంఘంలో ఒక గీత కార్మికుడు చెట్టు మీదినుండి పడితే కాలిబొక్క విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. నొప్పి తగ్గి ఇంటికి రాగానే, ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పమని మేమే ఆయనను కోరాము. ఆయన రెండు కాళ్లమీద నిలబడ్డాడు. దేవుని స్తుతించి చప్పట్లు కొట్టాము. ఆ ధైర్యంతో ఆయన నడవసాగాడు. కొన్ని వారాలకే ప్లేటు వంగిపోయి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది. బైబిలులో దాచిన కాగితం తీసి చూస్తే "నాన్ వెయిట్ బేరింగ్" అని రాసి ఉంది. ఆ కాలిమీద బరువు మోపరాదని దాని అర్థం. మాలో ఒక్కరమూ ముందుగా అడిగి తెలుసుకోలేదు.

అందుకే ఈ కొన్ని మాటలు ప్రతి ఇంటివారూ నేర్చుకోవాలి.

ఫ్రాక్చర్: బొక్క విరగడం. "క్రాకే వచ్చింది, విరగలేదు" అంటుంటాము. సన్నని పగులు కూడా ఫ్రాక్చరే.

ఓపెన్ ఫ్రాక్చర్: విరిగినచోట చర్మం కూడా చీలడం. క్రిములు లోపలికి పోతాయి గనుక ఆకుపసర్లు పెట్టక వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

పార్షియల్ వెయిట్ బేరింగ్: కర్రల ఊతతో, డాక్టరు చెప్పినంత బరువే మోపడం.

స్టేబుల్: ప్రస్తుతానికి పరిస్థితి నిలకడగా ఉంది. పూర్తిగా నయమైందని కాదు.

బెడ్ సోర్: కదలక పడుకోవడంవలన వీపున, పిరుదులపైన, మడమలకు పడే పుండు. లేవలేనివారిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతుండాలి.

రివ్యూ: చెప్పిన తేదీన మళ్లీ చూపించుకోవడం. నొప్పి లేకపోయినా వెళ్లాలి.

ఇంకొక మాట రిహాబిలిటేషన్. దీనిని తెలుగులో పునరావాసం అంటారు. ఎల్లంపల్లి, మధ్య మానేరు ముంపు గ్రామాలవారికి ఆ మాట అంటే కొత్త ఇల్లు, కొత్త ఊరు. ఆస్పత్రిలో మాత్రం, దెబ్బతిన్న మనిషిని అభ్యాసంతో తిరిగి పనికి, ఇంటికి, సంఘానికి చేర్చడం. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో జరిగిన కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అటుపిమ్మట రిహాబిలిటేషన్ వైద్యం నేర్చుకొని వచ్చారు. 1966లో వేలూరులో అందుకొరకు ప్రత్యేక సంస్థ ప్రారంభమైంది. ఆమె కాళ్లు తిరిగి రాలేదు, కాని ఆమె సేవ ఆగలేదు.

మంచి సమరయుడు గాయములు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్లవానికి సొమ్మిచ్చి, తరువాతి సంరక్షణ కూడా ఏర్పాటు చేశాడు. మనమూ ప్రార్థించి ఊరుకోక, ఆ కాగితాన్ని చదువుకున్న పిల్లలచేత చదివించుదము. అర్థంకానిది ఆస్పత్రి వదలకముందే నర్సమ్మనో డాక్టరునో తెలుగులో చెప్పమని అడుగుదము. అడగడం అవిశ్వాసం కాదు. ఇక మీదట మా సంఘంలో సాక్ష్యం కూర్చుండియే చెప్పవచ్చును.