పిడుగు పడినచోట ముందు ఎవరి వద్దకు పరుగెత్తాలి?

తొలకరికి ముందు ఉరుములు మొదలైతే ఆంధ్ర, తెలంగాణ పల్లెల నుండి పిడుగుపాటు మరణాల వార్తలు రాసాగుతాయి. పొలం పనివారు, మేకల కాపరులు, చెట్టు కింద తలదాచుకున్నవారే వారిలో అధికులు. పిడుగు పడ్డ మనిషి దేహంలో కరెంటు నిలిచి ఉంటుందని భయపడి చుట్టూ ఉన్నవారు దూరంగా ఆగిపోతారు. అది నిజం కాదు. అతణ్ణి వెంటనే తాకవచ్చు. పిడుగుపాటుకు గురైన పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారు కూడా.

పిడుగు తాకిడికి గుండె ఒక్కసారిగా ఆగుతుంది. చాలాసార్లు అది తనంతట తానే తిరిగి కొట్టుకుంటుంది. కాని శ్వాసను నడిపే మెదడు భాగం మరికొంతసేపు స్తంభించే ఉంటుంది. ఊపిరి అందక గుండె రెండవసారి ఆగితే ప్రాణం పోతుంది. ఆ నడిమి నిమిషాలలో మరొకరు ఊపిరి అందించగలిగితే మనిషి దక్కవచ్చు.

అందుకే పలువురు ఒకేచోట పడిపోయినప్పుడు వైద్యులు మామూలు క్రమాన్ని తిరగవేస్తారు. మూలుగుతున్నవారికి ఊపిరి ఆడుతోంది, వారు కాసేపు ఆగగలరు. ఉలుకూ పలుకూ లేనివారి వద్దకే ముందు వెళ్ళాలి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుండి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. ప్రతి 30 నొక్కులకు ఒకసారి తల వెనక్కు వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటితో రెండుసార్లు ఊపిరి ఊదాలి. మెరుపులు ఇంకా ఆగకపోతే ముందు అతణ్ణి పక్కా భవనంలోకి చేర్చాలి.

మా మదరసాలో పెద్ద విద్యార్థులకు ఇది చెప్పినప్పుడు వచ్చే తొలి ప్రశ్న, పడి ఉన్నది పరస్త్రీ అయితే ఎలా అని. ప్రాణాపాయంలో అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది ఫిఖహ్‌లో అందరెరిగిన సూత్రమే. సంకోచానికి అక్కడ తావు లేదు.

కనుపాపలు విప్పారి వెలుతురుకు చలించకున్నా, కాళ్ళు చల్లబడి నీలి రంగుకు తిరిగినా మరణమని తీర్మానించరాదు. ఆ కాళ్ళ చచ్చుదనం చాలామందిలో కొన్ని గంటలకే తగ్గుతుంది. జనాజాను త్వరపరచడమన్నది వైద్యుడు మరణాన్ని ధ్రువపరచిన తర్వాతి మాట. ఛత్తీస్‌గఢ్ వంటి ప్రాంతాల్లో బాధితుణ్ణి పేడలో పూడ్చే అలవాటు ఉంది. అది విలువైన నిమిషాలను హరిస్తుంది, ఊపిరికీ అడ్డుపడుతుంది.

లేచి నడిచినవారిని సైతం ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. గుండె లయను ఈసీజీతో చూడాలి, పగిలిన కర్ణభేరిని పరీక్షించాలి. చర్మంపై ఆకు ఈనెల వంటి ఎర్రని గీతలు కనబడితే బెదరనక్కర లేదు, అవి ఒకటి రెండు రోజుల్లో మాసిపోతాయి. కంటిలో శుక్లం మాత్రం నెలల తర్వాత కూడా రావచ్చు కనుక చూపు మసకబారితే మళ్ళీ వైద్యునికి చూపించాలి.