బాలింతకు పట్టే చెమట: కారణాలు, జాగ్రత్తలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- కాన్పు తర్వాత చెమట ఎక్కువగా పట్టడానికి కారణాలు వివరించగలుగుతారు.
- బాలింత విషయంలో ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు సూచించగలుగుతారు.
- సహజమైన చెమటకూ, జబ్బు వల్ల పట్టే చెమటకూ తేడా గుర్తించగలుగుతారు.

1. పరిచయం

వేసవిలో కాన్పయి పుట్టింటికి వచ్చిన ఒక బాలింతను ఊహించుకోండి. ఐదో రోజు రాత్రి కట్టుబట్టలు, పక్కబట్టలు తడిసిపోయేంతగా ఆమెకు చెమట పట్టింది. గాలి తగిలితే వాతం చేస్తుందని గదిలో ఫ్యాను వేయలేదు. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని గ్లాసులు లెక్కపెట్టి ఇస్తున్నారు. ఆమెకు జబ్బు చేసిందా, లేక ఇది మామూలేనా? మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈ ప్రశ్న మీకు ఎదురై ఉండవచ్చు.

2. చెమట ఎందుకు పడుతుంది?

గర్భిణి శరీరంలో రక్త పరిమాణం మామూలు కంటే 40 నుంచి 50 శాతం వరకు పెరుగుతుంది. రక్తంలో, కణజాలాల్లో, శిశువు చుట్టూ చేరినదంతా కలిపితే, నెలలు నిండేసరికి సుమారు 6 నుంచి 8 లీటర్ల నీరు అదనంగా ఉంటుంది. కాన్పుతో శిశువు, ఉమ్మనీరు, మాయ బయటికి వచ్చేస్తాయి. మిగిలిన అదనపు నీటిలో ఎక్కువ భాగం మూత్రం ద్వారా, కొంత చెమట ద్వారా పోతుంది. మొదటి వారంలో బాలింత ఎక్కువసార్లు మూత్రానికి వెళ్ళడానికి, కాళ్ళ వాపు క్రమంగా తగ్గడానికి కారణం ఇదే.

రెండో కారణం హార్మోన్లు. మాయ పడగానే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ స్థాయిలు వేగంగా తగ్గుతాయి. శరీర ఉష్ణోగ్రతను అదుపుచేసే హైపోథాలమస్ అప్పుడు కొద్దిపాటి వేడికే స్పందించి, స్వేద గ్రంథులను పనిచేయిస్తుంది. ముట్లుడిగే వయసులో ఒళ్ళంతా వేడి ఆవిర్లు రావడం కూడా ఇలాంటిదే. పాలిచ్చే తల్లుల్లో ఈస్ట్రోజన్ కొంతకాలం తక్కువగానే ఉంటుంది కనుక ఈ ఇబ్బంది మరికొన్నాళ్ళు సాగవచ్చు. సాధారణంగా చెమట మొదటి రెండు వారాల్లో, ముఖ్యంగా రాత్రివేళ ఎక్కువగా ఉండి, తర్వాత కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

3. ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

నీళ్ళు: శరీరం నీటిని వదిలించుకుంటున్నదని తాగే నీటిని తగ్గించకూడదు. పాల తయారీకి కూడా నీరు కావాలి. అంతేకాక, కాన్పు తర్వాత కొన్ని వారాలపాటు రక్తం గడ్డకట్టే స్వభావం ఎక్కువగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే ఆ ప్రమాదం పెరుగుతుంది. బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. పాలిచ్చిన ప్రతిసారీ తల్లి ఒక గ్లాసు నీళ్ళో, మజ్జిగో, జావో తాగితే సరిపోతుంది. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్ళు చాలడం లేదని గ్రహించాలి. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు వైద్యులు చెప్పిన మేరకే తాగాలి.

గాలి: కిటికీ తెరవవచ్చు, ఫ్యాను వేయవచ్చు. పసిబిడ్డ మీదికి గాలి నేరుగా కొట్టకుండా చూస్తే చాలు.

శుభ్రత: వదులైన నూలు బట్టలు కట్టుకోవాలి. పక్కమీద తువ్వాలు పరిస్తే, తడిసినప్పుడు అదొక్కటే మార్చుకోవచ్చు. రోజూ స్నానం చేసి, రొమ్ముల కింద, కుట్ల దగ్గర తడి లేకుండా మెత్తగా అద్దుకోవాలి.

4. ఎప్పుడు అనుమానించాలి?

‘చెమట పట్టింది, జ్వరం దిగింది’ అనుకోవడం మన ఇళ్ళలో అలవాటు. బాలింత విషయంలో ఈ మాట ప్రమాదకరం కావచ్చు. గర్భాశయంలో చీము పట్టినప్పుడు చలి, జ్వరం, చెమట ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. చెమటతో వేడి తగ్గినట్లు కనిపించినా, లోపలి జబ్బు అలాగే ఉండి మళ్ళీ జ్వరం వస్తుంది. కాబట్టి నుదురు తాకి ఊరుకోకుండా థర్మామీటరుతో చూడాలి. సహజమైన చెమటలో జ్వరం ఉండదు.

కింది లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి:
- 38 డిగ్రీల సెల్సియస్ (100.4 డిగ్రీల ఫారన్‌హీట్) లేదా అంతకు మించిన జ్వరం, వణుకు
- దుర్వాసనతో కూడిన స్రావం, పొత్తికడుపు నొప్పి
- రొమ్ము ఎర్రబడి గట్టిపడటం, కుట్ల దగ్గర చీము
- ఒక కాలి పిక్క వాపు, నొప్పి, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి

అధిక రక్తస్రావంతో పాటు ఒళ్ళు చల్లబడి చెమటలు పడితే అది అత్యవసర పరిస్థితి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. నెలలు గడిచినా చెమట తగ్గక, గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం కనిపిస్తే థైరాయిడ్ పరీక్ష అవసరం.

ఆసుపత్రిలో కాన్పయినవారి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తారు. బిడ్డ సంగతితో పాటు తల్లి చెమట, జ్వరం సంగతి కూడా ఆమెకు చెప్పాలి.

5. సారాంశం

కాన్పు తర్వాత చెమట పట్టడం చాలావరకు సహజం. గర్భకాలంలో చేరిన నీరు పోవడం, హార్మోన్లు తగ్గడం దానికి కారణాలు. బాలింతకు నీళ్ళు, గాలి, పొడిబట్టలు కావాలి. చెమటతో పాటు జ్వరం ఉంటే వైద్యం కావాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కాన్పు తర్వాత చెమట ఎక్కువగా పట్టడానికి రెండు కారణాలు రాయండి.
2. పరిచయంలోని బాలింత ఇంటివారికి మీరు ఏయే మార్పులు సూచిస్తారు? ముందుగా ఏమి పరీక్షించమంటారు?