బొమ్మల కథ, చలనచిత్రము : ‘వాచ్‌మెన్’పై ప్రేక్షకుల వివాదము

ఒక కృతి ఒక రూపమునుండి మరొక రూపమునకు మారినపుడు రెండు విధములైన ఆక్షేపణలు పుట్టుచుండును. మూలమును చెరిచినాడనునది యొకటి. మూలమును గ్రుడ్డిగా అనుసరించినాడనునది రెండవది. ఇవి సామాన్యముగా వేర్వేరు కృతులను గూర్చి వినవచ్చునవి. ఒకే కృతిని గూర్చి, ఒకే సమయమున, మూలమును శ్రద్ధతో చదివినవారినుండియే ఈ రెండును వెలువడుట అరుదు. 2009 మార్చి 6వ తేదీన అమెరికాలో విడుదలయిన ‘వాచ్‌మెన్’ చలనచిత్రమునకు అట్టి గతి పట్టినది. ఆ వివాదమున ప్రేక్షకులు చేపట్టిన కొలమానము మన అనువాద విమర్శలో నిత్యము వాడుకలో నున్నదే. దాని పేరు యథామూలత. అది ఎంతవరకు పనికివచ్చును, ఎచ్చట విఫలమగును అను విషయమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. బొమ్మల కథలు బాలురకు మాత్రమే యని తలచు పెద్దలు ఇట్టి విషయము తెలుగు శాఖ పత్రికకు తగునా యని శంకింపవచ్చును. ఆ శంకకు వాదముచేత గాక విషయముచేతనే సమాధానము చెప్పుట మేలు.

మూలకృతిని ఇంగ్లండు దేశీయుడైన ఆలన్ మూర్ రచింపగా డేవ్ గిబ్బన్స్ చిత్రించెను. డి.సి. కామిక్స్ సంస్థ దీనిని 1986-87 సంవత్సరములలో 12 సంచికలుగా వెలువరించి, పిదప ఒకే సంపుటముగా కూర్చినది. 1988లో దీనికి హ్యూగో బహుమానము లభించినది. కథాకాలము 1985, కాని అది మనమెరిగిన 1985 కాదు. అందు అమెరికా వియత్నాం యుద్ధమున గెలిచినది. నిక్సన్ ఇంకను అధ్యక్షుడుగనే యున్నాడు. ముసుగు వీరుల వృత్తి 1977 నాటి శాసనముచేత నిషిద్ధమైనది. ఈ వీరులలో నిజముగా అతిమానుష శక్తి గలవాడు డాక్టర్ మన్‌హాటన్ ఒక్కడే. తక్కినవారు వయసు మీరినవారు, పొట్ట పెరిగినవారు, లోపల ఏదో విరిగిపోయినవారు. కమెడియన్ అను పూర్వవీరుడు హత్యకు గురియగుటతో కథ ఆరంభమగును. రోర్‌షాక్ అను మొండివాడు ఆ హత్యను శోధించును. అణుయుద్ధమును ఆపుటకై మరొక పూర్వవీరుడు ఏడ్రియన్ వైట్ న్యూయార్కు నగరమున లక్షలాది జనులను చంపి, శత్రుదేశములు రెండింటికిని ఉమ్మడి భయము కల్పించినాడని తుదకు తేలును. సూపర్‌హీరో కథలకు ఇది ఒక కొనసాగింపు కాదు, వాటిపై విచారణ.

ఇచట వస్తువుకంటె రూపము ముఖ్యము. ప్రాయికముగా ప్రతిపుటయు మూడు వరుసల తొమ్మిది గళ్ళుగా విభక్తమై యుండును. ఈ గళ్ళు లోలకమువలె సమానమైన లయతో నడచును. ఐదవ అధ్యాయమున మొదటి పుట చివరిపుటతోను, రెండవది చివరినుండి రెండవదానితోను గళ్ళ అమరికలో సరితూగుచు, నడిమి రెండు పుటలు అద్దమున ప్రతిబింబమువలె నెదురెదురుగా నిలుచును. నాలుగవ అధ్యాయమున డాక్టర్ మన్‌హాటన్ అంగారక గ్రహముపై కూర్చుండి, భూతభవిష్యద్వర్తమానములను ఒక్కసారిగా అనుభవించును. ఒకే పుటపై 1945, 1959, 1985 ప్రక్కప్రక్కన నుండుటచేత పాఠకుడును ఆ పాత్రవలెనే కాలమును ఏకకాలమున చూడగలుగుచున్నాడు. వెనుకకు త్రిప్పి చూచుటకు, ఒక గడియొద్ద నిలిచిపోవుటకు అతనికి స్వేచ్ఛ కలదు. చలనచిత్రశాలలో కూర్చున్నవానికి ఆ స్వేచ్ఛ లేదు. ఈ ఒక్క భేదమును గమనింపక చేసిన తీర్పులన్నియు, అనుకూలములైనను ప్రతికూలములైనను, సగము తీర్పులే.

దీనిని చిత్రముగా తీయుటకు ఇరువదియేండ్ల యత్నము జరిగినది. శామ్ హామ్ వ్రాసిన తొలి చిత్రకథలో అంత్యభాగము పూర్తిగా మారినది. టెర్రీ గిలియమ్ కొంతకాలము ప్రయత్నించి, రెండు మూడు గంటలలో ఇముడునది కాదని విరమించెను. తరువాతి యత్నములలో కథాకాలము వర్తమానమునకు మార్చబడినది. తుదకు పూనుకొన్న జాక్ స్నైడర్ కథను మరల 1985నకే తెచ్చి, గిబ్బన్స్ గీసిన గళ్ళను చేత పట్టుకొని దృశ్యములను కూర్చెను. గిబ్బన్స్ ఈ యత్నమునకు తోడ్పడెను. మూర్ మాత్రము, తన కథలనుండి వచ్చిన పూర్వచిత్రములతో విసిగి, తన పేరు వేయవలదనియు, తనకు రావలసిన ధనమును గిబ్బన్స్‌కే ఇయ్యవలసినదనియు కోరెను. అందుచేత చిత్రారంభమున మూలకర్తలలో చిత్రకారుని పేరు కలదు. రచయిత పేరు లేదు. మన ప్రబంధముల పీఠికలలో మూలకవికి నమస్కరించు ఆచారమునకు అలవడిన మనకు ఇది వింతగా దోచును.

అమెరికాలో మొదటి మూడు దినములలో చిత్రము సుమారు 5.5 కోట్ల డాలర్లు రాబట్టినది. రెండవ వారాంతమునకు ఆ రాబడి మూడవ వంతునకు పడిపోయినది. అభిమానులు మొదటనే వచ్చి చూచిరనియు, తక్కినవారు రాలేదనియు దీనివలన ఊహింపవచ్చును. విమర్శకులలో రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రములు, అనగా తన పూర్తి మెప్పు, ఇచ్చెను. న్యూయార్కర్ పత్రికలో ఆంథొనీ లేన్ తీవ్రముగా ఖండించెను. సామాన్య ప్రేక్షకులలో మూలము చదువనివారు చిత్రము దీర్ఘమనియు, పాత్రలను గుర్తుంచుకొనుట కష్టమనియు ఫిర్యాదు చేసిరి. చదివినవారు రెండు పక్షములైరి. తాము ప్రేమించిన గళ్ళు తెరపై కదలుట చూచి ఒక పక్షము ముగ్ధమైనది. గళ్ళు వచ్చినవి గాని పుస్తకము రాలేదని రెండవ పక్షము వాపోయినది.

వివాదమున కెల్ల కేంద్రము కథాంతము. మూలమున వైట్ న్యూయార్కుపై ప్రయోగించునది ఒక బ్రహ్మాండమైన సముద్రజీవివంటి వికృతాకారము. దానిని ఒక దీవియందు రహస్యముగా కళాకారులచేత, శాస్త్రజ్ఞులచేత నిర్మింపజేయును. అన్యలోకమునుండి దండయాత్ర జరిగినదని లోకము నమ్మును. చిత్రమున ఈ జీవి లేదు. డాక్టర్ మన్‌హాటన్ శక్తిని అనుకరించు యంత్రములచేత వైట్ న్యూయార్కును, మరికొన్ని మహానగరములను ధ్వంసముచేసి ఆ నేరమును మన్‌హాటన్‌పై మోపును.

ఈ మార్పును మెచ్చినవారి వాదము బలహీనమైనది కాదు. వికృతజీవి కథలో హఠాత్తుగా వచ్చినట్లుండుననియు, మన్‌హాటన్ మొదటినుండియు ఉన్న పాత్ర కనుక అతనిపై నిందపడుటయే సంధులన్నింటిని చక్కగా ముడివేయుననియు వారందురు. మూలముననే మన్‌హాటన్ తన సన్నిహితులకు క్యాన్సర్ కలిగించినాడను అపవాదు వైట్ పన్నినదే. చిత్రమున ఆ అపవాదు తుదివరకు ఉపయోగపడినది. ప్రతిపక్షమువారి సమాధానము: మన్‌హాటన్ అమెరికా చేతి ఆయుధమని సోవియట్ వారెరుగుదురు. ఆ ఆయుధము మాస్కోపై పడినచో వారు స్నేహహస్తము చాతురా, క్షిపణులు విడుతురా? ఈ ప్రశ్నకు చిత్రము తృప్తికరమైన ప్రత్యుత్తర మియ్యలేదనియే నా అభిప్రాయము.

కాని ఈ తర్కమంతయు సంభావ్యతను గూర్చినది. నష్టము వేరొకచోట కలదు. మూలమున ఒక వార్తాపత్రికల దుకాణము ప్రక్కన కూర్చుండి ఒక బాలుడు ఓడదొంగల బొమ్మల కథ చదువుచుండును. తన ఊరిని రక్షింపబోయి తానే హంతకుడైన నావికుని కథ అది. కథలోని యీ కథ వైట్ చర్యకు ధ్వని. అంతేకాదు, ఆ ఓడదొంగల కథలను వ్రాసిన రచయిత అదృశ్యుడగును. అతడే దీవిపై వికృతజీవిని కల్పించినవారిలో ఒకడు. కనుక లోకమును మోసగించినది ఒక యంత్రము కాదు, కథకుల కల్పన. జీవిని తొలగించుటతో ఈ భావము సమూలముగా పోయినది. పండ్రెండవ అధ్యాయము తెరవగానే, అంతవరకు చిన్నగళ్ళకు అలవడిన కంటికి, ఆరు పుటలు ఒక్కొక్కటి ఒక్కొక్క బొమ్మగా, శవములతో నిండి యెదురగును. ఆ శవములలో మనము పదకొండు సంచికలనుండి చూచుచున్న దుకాణదారుడు, బాలుడు, వీథిమనుష్యులు ఉన్నారు. చిత్రమున వెలుగు వచ్చును, మనుష్యులు మాయమగుదురు. న్యూయార్కున 2001లో జరిగిన ఘోరమును చూచిన ప్రేక్షకులకు శవములను చూపుటకు దర్శకుడు జంకెనేమో. కారణమేదైనను ఫలితమున మృతులకు ముఖములు లేకపోయినవి.

మార్పు మార్పుగా దోషము కాదని మన ఆలంకారికులు ఏనాడో నిర్ణయించిరి. భారతమున దుష్యంతుడు శకుంతలను ఎరిగియే ఎరుగననును. నన్నయయు అట్లే చెప్పెను. కాళిదాసు దుర్వాసుని శాపమును, ఉంగరమును తెచ్చి నాయకుని నిర్దోషిని చేసెను. కుంతకుడు దీనిని ప్రకరణవక్రతకు ఉదాహరణముగా గ్రహించెను. రసమునకు అనుగుణము కాని వృత్తాంతమును కవి విడువవచ్చునని ఆనందవర్ధనుని మతము. ఐనచో చూడవలసినది మారినదా లేదా యని కాదు. మారినది సమగ్రకృతిని పోషించుచున్నదా యని. శాపము శాకుంతలమున ఒక్క అంకమును గాక నాటకమంతటిని మార్చినది. స్నైడర్ అంతమును మార్చి తక్కినదానిని మార్పక నిలిపెను. మా తరగతిలో ఒక విద్యార్థి దీనిని పాత గోడకు క్రొత్త తలుపు బిగించుటతో పోల్చెను. పోలిక మోటుదైనను సరిగానే యున్నది.

ప్రేక్షకులు అంతగా చర్చింపని మార్పులు రెండు కలవు. ఇవియే నాకు పెద్దవిగా తోచుచున్నవి. మూలమున రోర్‌షాక్ మంచులో మరణించుచుండగా అతని మిత్రుడైన నైట్ ఔల్ అచట లేడు. లోపల లారీయను యువతి కౌగిట ఊరట పొందుచున్నాడు. అసత్యమునకు సమ్మతించి అతడు సుఖముగా నున్నాడు. ఆ సుఖమే పాఠకుని గ్రుచ్చును. చిత్రమున అతడు మిత్రుని చావును కన్నులార చూచి, ఆక్రోశించి, పోయి వైట్‌ను కొట్టును. ప్రేక్షకుని కోపము అతని పిడికిలితో తీరిపోవును. రెండవది: మూలమున వైట్ తాను చేసినది తుదకు మంచిదేనా యని మన్‌హాటన్‌ను అడుగును. దేనికిని అంతము లేదను భావముగల ప్రత్యుత్తరము చెప్పి మన్‌హాటన్ మాయమగును. వైట్ ఒంటరిగా సందేహముతో మిగులును. చిత్రమున ఆ మాట వైట్‌తో చెప్పబడదు. జాన్ ఉన్నచో ఇట్లనియుండెడివాడని లారీ నైట్ ఔల్‌తో అనును. మాట నిలిచినది, వక్తయు శ్రోతయు మారిరి. యథామూలతను పదములనుబట్టి లెక్కించువానికి ఇచట తప్పు కనబడదు. కాని లక్షలమందిని చంపినవానికి చెప్పిన మాట ప్రేమికుల ఊరడింపు మాటగా మారినది.

హింసను గూర్చిన ఆక్షేపణయు ఈ జాతిదే. సందులో దొంగలతో జరిగిన పోరు, మూలమున మన్‌హాటన్ దూరదర్శన సంభాషణముతో గడివిడిచి గడిగా అల్లబడి, చూపుకంటె సూచనకు ప్రాధాన్యమిచ్చును. చిత్రమున ఎముకలు విరుగుట దగ్గరనుండి కనబడును. బాలికను చంపినవానిని రోర్‌షాక్ మూలమున సంకెల వేసి, రంపమిచ్చి, ఇంటికి నిప్పుపెట్టి వెలుపల నిలిచి చూచును. చిత్రమున కత్తితో తల చీల్చును. మందగతిలో సాగు దెబ్బలు చూచువానికి ఈ వీరులు అలసిన మధ్యవయస్కులని తోచదు. వీరపూజను విమర్శించు కథ వీరపూజగా మారినదని పలువురు ప్రేక్షకులు పలుకుట ఇందుచేతనే. చిత్రపక్షమున ఒక మాట చెప్పవలెను: రోర్‌షాక్‌ను ఆరాధించిన పాఠకులు చిత్రమునకు పూర్వమే కలరు, మూర్ స్వయముగా దానికి విస్తుపోయెను. ఆ దోషమునంతటిని దర్శకుని తలపై వేయుట న్యాయము కాదు.

ఇక విచిత్రమేమనగా, చిత్రమును మెచ్చనివారు సైతము ఏకగ్రీవముగా మెచ్చిన భాగము ఒకటి కలదు. అది పేర్లు చూపు ఐదారు నిమిషముల ఘట్టము. బాబ్ డిలన్ పాట నడచుచుండగా 1940 మొదలు నలుబది యేండ్ల ముసుగువీరుల చరిత్ర, దాదాపు కదలని ఛాయాచిత్రములవలె, ఒకదాని తరువాత నొకటి సాగును. కెనెడీ హత్యయు, చంద్రునిపై మానవుడు దిగుటయు అందు ఈ కల్పిత చరిత్రతో కలిసిపోవును. ఈ ఘట్టము పుస్తకమున ఈ రూపమున లేదు. అచట ఆ చరిత్ర అధ్యాయాంతములందలి వచనభాగములలో, ఒక వృద్ధవీరుని ఆత్మకథలో, చెదురుమదురుగా నున్నది. గళ్ళను తెరకెక్కించినపుడు కలుగని తృప్తి, గళ్ళే లేనిచోట పాఠకులకు కలిగినది. నిలిచిన బొమ్మలనుండి కాలమును పాఠకుడే ఊహించుకొనుట బొమ్మల కథకు ప్రాణము. ఆ ప్రాణమునకు దర్శకుడు ఇచట మాత్రమే చలనచిత్ర భాషలో సమానార్థకమును కనుగొనెను.

చిత్రశాలలలో ప్రదర్శించినది 162 నిమిషముల ప్రతి. తరువాత 186 నిమిషముల ప్రతియు, 2009లోనే ఓడదొంగల కథను యానిమేషన్‌గా చేర్చి, దుకాణపు దృశ్యములు నిలిపిన 215 నిమిషముల ప్రతియు వెలువడినవి. నిడివి పెరిగినకొలది మూలమునకు దగ్గరయైనదని కొందరు సంతసించిరి. అంతము మాత్రము మారలేదు. ఓడదొంగల రచయితకును ప్రళయమునకును గల ముడి తెగియే యుండుటచేత, చేర్చిన కథ ప్రక్కన నడచుచున్నదే గాని కలియుట లేదు.

2019లో హెచ్.బి.ఓ. సంస్థ, డేమన్ లిండెలాఫ్ నిర్వహణమున, తొమ్మిది భాగముల ధారావాహికను ప్రసారము చేసినది. ఇది మూలకథను మరల చెప్పలేదు. ముప్పది యేండ్లకు పైబడిన తరువాతి కథను, 1921లో ఓక్లహోమా రాష్ట్రమందలి టల్సా నగరమున నల్లజాతివారిపై జరిగిన మారణకాండతో ఆరంభించి చెప్పినది. ముసుగు ఎవరు ధరింతురు, ఎందుకు ధరింతురు అను మూలప్రశ్న అందు వర్ణవివక్షను గూర్చిన ప్రశ్నగా మారినది. ఒక్క గడిని యథాతథముగా అనుకరింపని ఈ కృతియే పుస్తకమునకు సన్నిహితమని పలువురు పాఠకులు తలచిరి; అంగీకరింపనివారును కలరు. ఆ ధారావాహికలో మూలమందలి వికృతజీవి చరిత్రసత్యము. దాని పిల్లలవంటి చిన్నజీవులు అప్పుడప్పుడు ఆకాశమునుండి వానవలె రాలగా, జనులు విసుగుతో కారు అద్దములు తుడుచుకొని పోవుదురు. అందును మూలకర్తగా గిబ్బన్స్ పేరే కలదు. మూర్ పేరు లేదు.