సాంబ మసూరి తమ్ముడి కథ

పిల్లలూ! బాపట్ల పేరు వినగానే మీకు ఏం జ్ఞాపకం వస్తుంది? కొందరు భావనారాయణస్వామి గుడి అంటారు. కొందరు సూర్యలంక సముద్రతీరం అంటారు. కాని బాపట్ల ఏ మూల ఉన్నదో తెలియని వాళ్ళు కూడా ఆ ఊరి పేరు తలుస్తూనే ఉంటారు. బియ్యం కొట్టుకు వెళ్ళి, "బి.పి.టి. బియ్యం ఉన్నాయా?" అని అడుగుతారు గదా! ఆ మూడు అక్షరాలూ బాపట్లకు పొడి అక్షరాలే.

బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వెలిసింది. ఆ ఊళ్ళో తయారైన బి.పి.టి. 5204 అనే వరి వంగడం 1986లో రైతుల చేతికి వచ్చింది. దానికే సాంబ మసూరి అని పేరు. దాని పూర్వీకులు ముగ్గురు. ఒకటి కోయంబత్తూరులో ఎంపిక చేసిన సన్న రకం, జి.ఇ.బి. 24. రెండోది తైవాను దేశపు పొట్టి వరి, టి.ఎన్. 1. మూడోది మలేషియా నుంచి వచ్చిన మసూరి. గింజ సన్నం, అన్నం రుచి. ఇంకేం కావాలి? తెనాలి, రేపల్లె కాలువల కింద మొదలై, ఆ వంగడం ఉత్తరప్రదేశ్, బీహారు పొలాల దాకా పాకింది.

అయితే ఇంత మంచి పైరుకు ఒక లోపం ఉంది. బాక్టీరియా ఎండాకు తెగులు వస్తే తట్టుకోలేదు. గాలివాన కొట్టిన తర్వాత, నీరు నిలిచిన చేలల్లో, యూరియా ఎక్కువ వేసిన చోట ఈ తెగులు చప్పున వ్యాపిస్తుంది. ఆకు కొన నుంచి అంచుల వెంబడి పసుపు పచ్చగా మారి, గడ్డిలాగా ఎండిపోతుంది. ఆకే పైరుకు వంటిల్లు. వంటిల్లు మూతపడితే గింజకు తిండి ఎక్కడిది? తెగులు ముదిరితే పంటలో సగం దాకా పోవచ్చు. దీనిని గట్టిగా ఆపగల మందు కూడా లేదు.

అందుచేత హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థవారు కలిసి, సాంబ మసూరికి ఒక తమ్ముణ్ణి తయారుచేశారు. ఎలాగంటారా? తెగులును తట్టుకునే మూడు జన్యువులున్న వరిని తెచ్చి సాంబ మసూరితో కలిపారు. ఆ జన్యువుల్లో ఒకటి మొదట ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో దొరికింది! పుట్టిన పిల్ల మొక్కలో సాంబ మసూరి పాలు సగమే. దానిని తిరిగి సాంబ మసూరితోనే కలిపారు. అలా నాలుగుసార్లు చేశారు. లెక్క వేసి చూడండి: పరాయి పాలు సగం నుంచి నాలుగో వంతు, ఎనిమిదో వంతు, పదహారో వంతు అవుతూ, చివరికి సగటున ముప్ఫైరెండో వంతుకు దిగుతుంది. ప్రతిసారీ ఆ మూడు జన్యువులూ ఉన్న మొక్కలనే డి.ఎన్.ఎ. పరీక్షతో ఏరుకున్నారు. ఇలా తయారైన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలయింది. అదే గింజ, అదే రుచి, పైగా తెగులును తట్టుకునే శక్తి.

శాస్త్రవేత్తలు మెచ్చుకున్నారు. వేసిన రైతులు బాగుందన్నారు. మరి అన్నను తోసేసి తమ్ముడు చేలన్నీ ఆక్రమించాలి గదా? అలా జరగలేదు. కొన్ని రాష్ట్రాల్లో సాగులోకి వచ్చాడే గాని, పాత బి.పి.టి.ని పక్కకు నెట్టలేకపోయాడు.

ఫోనులో ఆటలాడే మీకు ఇది వింతగా తోచదు. ఒక ఆట అందరికీ నచ్చుతుంది. దానికి రెండో భాగం వస్తుంది. ఆడినవాళ్ళంతా మొదటిదానికంటే బాగుందంటారు. అయినా అనుకున్నంతగా అమ్ముడుపోదు! వస్తువు మంచిదైతే చాలదా? చాలదు. ఎందుకో చూద్దాం.

తెనాలిలో ఒక విత్తనాల కొట్టు అనుకోండి.

"బాబాయ్, ఈసారి ఈ కొత్తరకం వేసి చూడు. ఎండాకు తెగులు అంటదు," అన్నాడు కొట్టు కుర్రవాడు.

"పోయినేడు నా చేలో ఆ తెగులు రానేలేదుగా, అబ్బాయ్!"

"వస్తే?"

"సరే, మరి దోమపోటు వస్తే ఆగుతుందా? అగ్గి తెగులు?"

"వాటికి కాదు, బాబాయ్."

"మిల్లువాళ్ళు బస్తాకు పది రూపాయలు ఎక్కువిస్తారా?"

"గింజ ఒకటే గదా, ధరా ఒకటే."

"అయితే ఇంట్లో ఉన్న పాత విత్తనమే చల్లుకుంటాలే!"

ఈ రైతు తెలివితక్కువవాడా? కానే కాదు. అతని మాటల్లో నాలుగు కారణాలున్నాయి. మొదటిది, తెగులు ప్రతి ఏడూ రాదు. రాని ఏడు అన్నకూ తమ్ముడికీ తేడా కనపడదు. రెండోది, తమ్ముడు ఒక్క శత్రువునే ఆపగలడు. పురుగుమందు ఖర్చు పూర్తిగా తప్పదు. మూడోది, కొనేవాడు గింజను చూస్తాడు గాని చేలో తప్పిన నష్టాన్ని చూడడు, కనుక ఎక్కువ ధర రాదు. నాలుగోది, వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది, కనుక సొంత పంటలోంచే విత్తనం దాచుకోవచ్చు. చేతిలో ఉన్నది వదిలి, చూపుకు తేడా తెలియని గింజను కొనాలంటే అమ్మేవాడి మీద నమ్మకం ఉండాలి.

దీనికి తలకిందులైన కథ కూడా ఉంది. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి ఐ.ఆర్. 8 అనే వరి వచ్చింది. దిగుబడి విపరీతం. కాని గింజ లావు, మరలో విరిగేది, చల్లారితే అన్నం గట్టిపడేది. దాని గొప్ప పొలంలో కనిపించింది, కంచంలో కనిపించలేదు. మన తమ్ముడి గొప్ప రెండుచోట్లా కనపడదు. ఆపద వచ్చినప్పుడే తెలుస్తుంది.

చిత్రమేమంటే, తర్వాత ఈ తమ్ముడి బియ్యాన్ని పరీక్షించగా, దాని గ్లైసీమిక్ సూచిక 51 దగ్గర ఉందని తేలింది. అంటే ఆ అన్నం తిన్న తర్వాత రక్తంలో చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుందన్నమాట. అప్పటినుంచి తినేవాళ్ళు కూడా దీని పేరు అడగసాగారు. తెగులును గురించి ఆలోచించని వాళ్ళకు తమ ఒంటి సంగతి వెంటనే అర్థమయింది!

అయితే రైతు పక్షాన ఒక మాట మిగిలి ఉంది. ఎకరానికి పాతిక బస్తాలు పండే చేలో సగం ఎండిపోతే పన్నెండున్నర బస్తాలు పోయినట్టు. అది కౌలుకు చేసే చేనైతే, ఆ నష్టం పిల్లల చదువు దాకా వస్తుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. చేనంతా మార్చనక్కరలేదు, పాతదాని పక్కనే ఒక మడిలో కొత్తది వేస్తే, తెగులు వచ్చిన ఏడు తేడా కంటికే కనపడుతుంది.

ఈసారి తెనాలి నుంచి రేపల్లె రైలెక్కినప్పుడు కిటికీ పక్కన కూర్చోండి. వరి చేలు కనిపిస్తే, అది ఏ రకమో, ఎందుకు వేశారో తెలిసిన రైతును అడగండి. ఆ జవాబును పైన చెప్పిన నాలుగు కారణాలతో పోల్చి చూడండి. ఐదో కారణం దొరికితే మీ తరగతిలో అందరికీ చెప్పండి.